జబ్బు రాకముందే రాసుకోవాల్సిన చీటీ

మందుల చీటీ వైద్యుడు రాస్తాడు. ఆసుపత్రి ఖర్చు చీటీని మాత్రం ఒంట్లో బాగున్నప్పుడే, ఇంటిల్లిపాదీ కూర్చుని రాసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో ఓ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు వివరిస్తున్నారు.

సోమవారం ఉదయం రౌండ్స్‌లో ఉన్నాను. ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులుండి, డబ్బు అయిపోవడంతో మా వార్డుకు తీసుకొచ్చిన రోగి అతను. వయసు 48. ఓ ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజరు. బీపీ బాగా పెరిగి మెదడులో రక్తనాళం చిట్లింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పక్కనే భార్య. ఆమె ఒళ్లో బట్టల షాపు సంచి, దాని నిండా బిల్లులు, స్కానింగ్ ఫిల్ములు.

నేను కేస్‌షీట్ రాస్తుంటే ఆమె తమ్ముడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. ''సార్, మా బావకి బీపీ ఇప్పుడే బయటపడిందని రాస్తారా? మీరొక్క ముక్క రాస్తే 3 లక్షల 80 వేలు వెనక్కి వస్తాయి.''

విషయం ఏమిటంటే- ఆయనకు బీపీ వచ్చి పదేళ్లయింది. ఆరోగ్య బీమా పాలసీ తీసుకుని నాలుగేళ్ల మూడు నెలలు. పాలసీ తీసుకునేటప్పుడు దరఖాస్తును ఏజెంటే నింపాడు. 'బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా' అన్న ప్రశ్నలన్నింటికీ 'లేదు' అని గీతలు పెట్టాడు. ఈయన చదవకుండానే సంతకం చేశారు. ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు భార్య ఉన్నదున్నట్టు చెప్పింది. పదేళ్లుగా బీపీ ఉందని, మాత్రలు సరిగా వేసుకోరని ఆయన రాసుకున్నాడు. బీమా సంస్థ ఆ వాక్యాన్ని చూపించి క్లెయిమును తిరస్కరించింది.

నేను ఆ ముక్క రాయలేదు. కేస్‌షీట్ అన్నది కోర్టులో నిలబడే పత్రం. అంతకంటే ముఖ్యంగా, నా తర్వాత డ్యూటీకి వచ్చే వైద్యుడు దాన్ని చూసే చికిత్స చేస్తాడు. పదేళ్ల బీపీ ఉన్న మనిషికీ, నిన్ననే బీపీ వచ్చిన మనిషికీ మేం చేసే పరీక్షలు, మందుల విషయంలో పడే జాగ్రత్త ఒకటి కావు. ఆ మాట చెబితే ఆ కుర్రాడు తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ ఇంటివాళ్లు కూతురి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన సొమ్ముతో కొంత, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కొంత కట్టారని తర్వాత తెలిసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. పాలసీ తీసుకున్న రోజునే బీపీ ఉందని రాసి ఉంటే ప్రీమియం కాస్త ఎక్కువయ్యేదేమో. కానీ పాత జబ్బులకు వేచి ఉండాల్సిన గడువు అప్పట్లో గరిష్ఠంగా నాలుగేళ్లు. అది మూడు నెలల క్రితమే పూర్తయ్యేది. క్లెయిము హక్కుగా వచ్చేది.

వైద్యుడిగా నాకు డబ్బు గురించి చెప్పే అర్హత ఏమిటని మీకు అనిపించవచ్చు. రోజూ ఓపీలో, వార్డులో నేను చూసే కుటుంబాల్లో చాలామందికి రోగం ఒక దెబ్బయితే, దాని ఖర్చు రెండో దెబ్బ. మొదటిది కొన్నిసార్లు తప్పించలేం. రెండోదాన్ని ముందే ఆలోచిస్తే చాలావరకు తప్పించవచ్చు. అందుకే ఈ వారం మందుల గురించి కాకుండా ఈ సంగతులు రాస్తున్నాను. రోగుల ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

దరఖాస్తులో నిజమే రాయండి

బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా, గతంలో చేయించుకున్న ఆపరేషన్, పొగ తాగే అలవాటు- ఏదున్నా దాచొద్దు. దరఖాస్తును మీరే నింపండి. ఏజెంటు నింపితే సంతకానికి ముందు ప్రతి ప్రశ్నా చదవండి. నింపిన కాగితం నకలు అడిగి తీసుకోండి.

2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలను మార్చింది. ఇప్పుడు పాత జబ్బులకు వేచి ఉండే గడువు గరిష్ఠంగా మూడేళ్లే. అంతకంటే ఎక్కువ పెట్టడానికి వీల్లేదు. 65 ఏళ్లు దాటినవారికీ పాలసీ అమ్మవచ్చు. పాలసీని ఐదేళ్లు ఎడతెగకుండా కొనసాగిస్తే, ఆ తర్వాత వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చకూడదు. మోసం రుజువైతే మాత్రం ఈ రక్షణ ఉండదు. 'అయితే ఐదేళ్లు దాచిపెడితే సరిపోతుందిగా' అని కొందరు అడుగుతుంటారు. ఐదేళ్లపాటు జబ్బు రాదని ఎవరు పూచీ ఇస్తారు? పైన చెప్పిన రోగికి నాలుగేళ్ల మూడు నెలలకే వచ్చింది.

ఇప్పటికే దాచి పాలసీ తీసుకున్నవాళ్లు ఏం చేయాలి? బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెంచవచ్చు, షరతులు పెట్టవచ్చు, ఒక్కోసారి పాలసీనే రద్దు చేయవచ్చు. ఆ సంగతి ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం, ఐసీయూ తలుపు దగ్గర తెలుసుకోవడం కంటే నయం. కొత్త పాలసీ పత్రం చేతికొచ్చాక 30 రోజుల పరిశీలన గడువు ఉంటుంది. అందులో ఏ తప్పు కనిపించినా సరిచేయించుకోవచ్చు, వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయవచ్చు.

అంకె కాదు, షరతులు చూడండి

'ఐదు లక్షల పాలసీ ఉంది సార్' అంటారు. బిల్లు రెండు లక్షలే అయినా చేతి నుంచి అరవై వేలు పడుతుంది. ఎందుకని తెల్లబోతారు. పాలసీ పత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తాన్ని మాత్రమే చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. లోపల చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది గది అద్దె పరిమితి. మీ పాలసీ 3 లక్షలు, గది అద్దె పరిమితి అందులో ఒక శాతం అనుకుందాం. అంటే రోజుకు 3 వేలు. మీరు 6 వేల గదిలో చేరారు. అదనపు 3 వేలు మనమే కట్టుకుంటాంలే అనుకుంటారు. అక్కడితో ఆగదు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత పెట్టకూడదు. అయినా మిగతావాటి మీద పడే కోత చిన్నదేం కాదు. కాబట్టి అడ్మిషన్ కౌంటరు దగ్గర గది ఎంచుకునే ముందే ఈ పరిమితి తెలిసి ఉండాలి. కొత్తగా తీసుకునేవారు ఇలాంటి పరిమితి లేని పాలసీ చూసుకోవడం మంచిది.

రెండోది కో-పే. బిల్లులో ఇంత శాతం మీరే భరించాలన్న షరతు ఇది. పెద్దవాళ్ల పాలసీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 20 శాతం కో-పే ఉంటే 3 లక్షల బిల్లులో 60 వేలు మీవే.

మూడోది కొన్ని జబ్బులకు ప్రత్యేకంగా ఉండే గడువు. శుక్లాలు, హెర్నియా, మోకాలి కీలు మార్పిడి వంటివాటికి మొదటి ఏడాదో రెండేళ్లో వర్తించకపోవచ్చు. ప్రమాదాలకు తప్ప, మొదటి 30 రోజుల్లో వచ్చే జబ్బులకు సాధారణంగా బీమా పనిచేయదు.

ఉన్న పాలసీ చాలదనిపిస్తే దాన్ని రద్దు చేసి పెద్దది తీసుకోనక్కర్లేదు. సూపర్ టాపప్ అనేది ఒకటుంది. 5 లక్షల పాలసీ మీద మరో 20 లక్షలకు సూపర్ టాపప్ తీసుకున్నారనుకోండి. ఏడాదిలో అన్ని బిల్లులూ కలిపి 5 లక్షలు దాటగానే అది పనిచేయడం మొదలవుతుంది. మొదటి 5 లక్షల భారం దాని మీద లేదు కనుక ప్రీమియం తక్కువ. మామూలు టాపప్‌కూ దీనికీ తేడా గమనించండి. టాపప్‌లో ఒక్కో బిల్లు విడిగా ఆ హద్దు దాటాలి. క్యాన్సర్, కిడ్నీ జబ్బుల్లాగా మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సినవాటికి సూపర్ టాపప్పే మేలు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియాలపై 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. ఖర్చు ఎక్కువని వాయిదా వేసినవారు మరోసారి లెక్క చూసుకోవచ్చు.

కంపెనీ బీమా ఉద్యోగం ఉన్నంత వరకే

మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలుంటే ఈ భాగం వాళ్లతో చదివించండి. 'మా కంపెనీ అమ్మానాన్నలకు కూడా బీమా ఇచ్చింది, వేరే ఎందుకు' అంటారు. బాగానే ఉంది. ఆ ఉద్యోగం పోయినా, మారినా, సొంతంగా ఏదైనా పెట్టుకుందామని మానేసినా ఆ బీమా కూడా పోతుంది. అప్పటికి తండ్రికి 66 ఏళ్లు వచ్చి, గుండెకు స్టెంటు పడి ఉంటే కొత్త పాలసీ దొరకడం కష్టం. దొరికినా ప్రీమియం భారీగా ఉంటుంది, గడువులన్నీ మొదటి నుంచి లెక్కపెడతారు.

అందుకే కంపెనీ బీమా ఉన్నా, వయసులో ఉన్నప్పుడే సొంతంగా చిన్నదైనా ఒక పాలసీ మొదలుపెట్టండి. జబ్బులేవీ లేని రోజుల్లో ఆ గడువులన్నీ వాటంతటవే గడిచిపోతాయి. ఉద్యోగం మానేస్తుంటే, చివరి రోజుకు ముందే కంపెనీ బీమాను అదే సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు గురించి హెచ్‌ఆర్ విభాగాన్ని అడగండి.

జీతం తక్కువైన ఉద్యోగాల్లో ఉన్నవారిది మరో కథ. దుకాణాల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు బడుల్లో పనిచేసే ఎంతోమందికి జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతుంటుంది. ఆ కార్డు ఎక్కడుందో మాత్రం తెలియదు. నెల జీతం 21 వేల లోపు ఉన్నవారికి వర్తించే ఈ పథకంలో ఉద్యోగి కట్టేది జీతంలో 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. మీతో పాటు మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం ఉంటుంది. అంతేకాదు, జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం వంటి దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నవాటికి, నిబంధనల మేరకు, రెండేళ్ల వరకు 80 శాతం దాకా వస్తుంది. క్షయ రోగి ఒకరు మూడు నెలలు జీతం లేక, మందులు మధ్యలో ఆపి పనికి వెళ్లి, మళ్లీ రక్తం కక్కుతూ మా దగ్గరికి వచ్చాడు. అతని జేబులో జీతం చీటీ ఉంది. అందులో ఈఎస్‌ఐ కోత కనిపిస్తూనే ఉంది. అడగాలని అతనికి తెలియదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పథకం వర్తించదని మీరే తేల్చుకోకండి

'మేం మధ్యతరగతి వాళ్లం, ఆరోగ్యశ్రీ మాకెక్కడ వస్తుంది' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఏటా 5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకూ వర్తింపజేశారు. తెలంగాణలో 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని ఏడాదికి 10 లక్షలకు పెంచారు. అర్హత ఉందో లేదో అనుమానముంటే 104కు ఫోన్ చేయండి. లేదా జాబితాలోని ఏ ఆసుపత్రికైనా వెళ్లి ఆరోగ్యమిత్రను అడగండి. బిల్లు కట్టేశాక కాదు, చేరేటప్పుడే అడగాలి.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లున్నారా? కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో పని లేకుండా వారందరికీ విస్తరించింది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు చికిత్స. ప్రైవేటు బీమా ఉన్నా దీనికి అడ్డు కాదు. ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించుకోవాలి. కార్డు తీసుకునే రోజునే మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రులున్నాయో, ఏయే చికిత్సలకు పనిచేస్తుందో అడిగి కాగితం మీద రాసుకోండి.

అన్నిటికంటే చౌక బీమా రోజూ వేసుకునే మాత్ర

ఇప్పుడు నా అసలు పనికి వస్తాను. బీపీ, షుగర్ ఏళ్ల తరబడి నొప్పి లేకుండా ఉంటాయి. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేస్తారు. కొందరు ఖర్చని మానేస్తారు. కొందరు రోజు విడిచి రోజు వేసుకుంటారు. ఈలోగా రక్తనాళాలు, కిడ్నీలు, కంటి రెప్పకు కనపడని రెటీనా దెబ్బతింటూనే ఉంటాయి. కిడ్నీలు పూర్తిగా పాడైతే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. చికిత్స ఉచితంగా దొరికినా రాకపోకలకు, పని పోయిన రోజులకు, తోడు వచ్చే మనిషి కూలికి ఎవరూ బీమా ఇవ్వరు.

30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. బీపీ, షుగర్ మందులూ ఉచితంగానే ఇస్తారు. అక్కడ క్యూలో నిలబడటం నామోషీ అనుకోకండి. బయట కొనుక్కునేవారు జనరిక్ మందుల గురించి మీ డాక్టరును అడగండి. జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు పేరున్న బ్రాండ్లతో పోలిస్తే 50 నుంచి 80 శాతం దాకా తక్కువకే వస్తాయి. చీటీలో ఉన్న మందూ, దాని మోతాదూ అదేనా అని చూసుకుంటే చాలు. డాక్టరును అడగకుండా మందు మార్చడం, మానేయడం మాత్రం చేయొద్దు.

షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఏడాదికి కనీసం రెండుసార్లు, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా పరీక్షలను ఏడాదికోసారి చేయించుకోండి. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఇంట్లో కూర్చుని చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ వల్ల వచ్చే పక్షవాతానికి, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యమైతే మనిషి మంచాన పడతాడు. ఇంటి రాబడీ అతనితో పాటే మంచాన పడుతుంది.

స్థలం ఉంది, చేతిలో సొమ్ము లేదు

మన ఇళ్లలో పొదుపంటే స్థలం, బంగారం, చిట్టీ. తప్పు పట్టను. కానీ ఆదివారం రాత్రి పది గంటలకు 50 వేలు అడ్వాన్సు కట్టమంటే స్థలం పనికిరాదు. మరుసటి రోజు దాన్ని అమ్మజూపితే అవసరంలో ఉన్నారని తెలిసి ధర తగ్గించి అడుగుతారు. అప్పుడు చేబదులో, వడ్డీ వ్యాపారో, ఫోన్‌లో వచ్చే లోన్ యాప్పో దిక్కవుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ చిన్నదిగా వినిపిస్తుంది. 3 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 9 వేలు. ఏడాదికి లక్షా 8 వేలు కట్టినా అసలు 3 లక్షలు అలాగే ఉంటుంది.

అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చును ఎప్పుడైనా తీసుకోగలిగే చోట ఉంచండి. నెలకు 30 వేలు ఖర్చయ్యే ఇంటికి ఇది లక్షా 80 వేలు. ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తామని బెంగపడొద్దు. నెలకు 5 వేల చొప్పున వేస్తే మూడేళ్లకు పూర్తవుతుంది. అందులో 50 వేలు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టవచ్చు. ఆ డిపాజిట్‌ను ఒకటిగా కాక 25 వేలు, 30 వేల ముక్కలుగా చేయండి. అవసరమైనప్పుడు ఒక్కటి తీస్తే మిగతావి కదలవు. పెళ్లిళ్లకు, పండగ బట్టలకు, ఫోన్ల మార్పిడికి ఈ సొమ్ము ముట్టుకోకూడదని ఇంట్లో అందరూ మాట అనుకోవాలి. ఇప్పటికిప్పుడు తప్పనిసరైతే, వడ్డీ వ్యాపారి కంటే బ్యాంకులో బంగారం తాకట్టు చాలా నయం.

ఈ నిధి బీమాకు బదులు కాదు, తోడు. పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రిలో గడిచేది పది పదిహేను రోజులు. ఆ తర్వాత నెలల తరబడి ఇంటి దగ్గర ఫిజియోథెరపీ. సాధారణ పాలసీలు డిశ్చార్జి తర్వాత కొన్ని వారాల ఖర్చు మాత్రమే ఇస్తాయి. ఆ నెలల్లో జీతం రాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పాల బిల్లు ఆగవు. సంపాదించే మనిషి మీద ఇల్లు ఆధారపడి ఉంటే టర్మ్ పాలసీ కూడా అవసరం. అది భారమనుకునేవారు కనీసం బ్యాంకు ద్వారా తీసుకునే రెండు పథకాలైనా చూడండి. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా, రెండోది ప్రమాదంలో చనిపోయినా 2 లక్షలు ఇస్తుంది.

మా ఇంటి బీరువా

ఇన్ని చెబుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. మా నాన్న ఒక ప్రైవేటు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ల క్రితం ఒక రాత్రి ఆయాసంతో పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. ఆయన క్రియాటినిన్ ఎంతో, గుండె ఎంత శాతం పనిచేస్తోందో నాకు నోటికి వచ్చు. పాలసీ ఎక్కడుందో తెలియదు. అమ్మకూ తెలియదు. తెల్లవారుజామున ఇంటికెళ్లి బీరువాలో చీరల మడతల మధ్య, పాత పంచాంగాల కింద వెతికాం. చివరికి ఒక కవరులో దొరికింది. రెన్యువల్ తేదీ దాటిపోయి 41 రోజులైంది. 30 రోజుల అదనపు గడువు కూడా 11 రోజుల కిందటే అయిపోయింది. గుర్తు చేసే మెసేజ్‌లన్నీ ఆయన వాడటం మానేసిన పాత నంబరుకు వెళ్లాయి. తొమ్మిదేళ్లు కట్టిన పాలసీ అది.

నాన్న కోలుకుని ఇంటికొచ్చాక ఒక మాటన్నారు. ''నువ్వు డాక్టరువి కదా, అన్నీ నీకు తెలుసనుకున్నానురా.'' అవి ఆయన చూసుకుంటున్నారని నేననుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక ఫైలు పెట్టాం. అట్ట మీద అందరి బ్లడ్ గ్రూపులు, అలర్జీలు, వాడే మందులు రాసి ఉంటాయి. లోపల బీమా పత్రాలు, దరఖాస్తు నకళ్లు, పథకాల కార్డులు, పాత డిశ్చార్జి సమ్మరీలు, బ్యాంకు ఖాతాల వివరాలు, రెన్యువల్ తేదీలు. నాన్న పేరు మీదే ఉన్న ఖాతాను అమ్మతో ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించాం. ప్రతి ఖాతాకూ నామినీ పెట్టించాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. పీఎఫ్ ఖాతా ఉన్నవారు అందులోనూ నామినీ నమోదు చేసుకోవాలి. ఆ ఖాతాతో పాటే, ఉద్యోగంలో ఉండగా చనిపోతే 7 లక్షల వరకు వచ్చే బీమా కూడా ఉంటుంది. ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

క్లెయిము కాదంటే

తిరస్కరించిన ప్రతి క్లెయిమూ న్యాయంగా తిరస్కరించిందే అనుకోనక్కర్లేదు. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగితే బీమా సంస్థ గంటలోపు, డిశ్చార్జి సమయంలో చివరి అనుమతి మూడు గంటల్లోపు తేల్చాలని నిబంధన. తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పాలి. ముందు సంస్థలోని ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. సంస్థ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ మీకు బలం మీ కాగితాలే. దరఖాస్తులో నిజం రాసినవాళ్లకే ఆ బలం ఉంటుంది.

ఈ ఆదివారం ఒక గంట

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బు, ఏ మందు ఉందో రాయండి. ఎవరికి ఏ బీమా, ఏ పథకం ఉందో, దాని రెన్యువల్ తేదీ ఏమిటో, ఏ ఫోన్ నంబరు ఇచ్చారో రాయండి. దరఖాస్తులో దాచినదేమైనా ఉందా అని ఇంటాయన్ని, ఇంటావిడను సూటిగా అడగండి. రేపు రాత్రి 50 వేలు కావాలంటే ఎక్కడి నుంచి తేవాలో రాయండి. ఖాళీగా మిగిలిన గళ్లే మీరు ముందు చేయాల్సిన పనులు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. ఆసుపత్రికి ఫైలు పట్టుకుని పరుగెత్తుకు రావాల్సింది చివరికి వాళ్లే.

మొదట్లో చెప్పిన రోగి ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. నెలకోసారి మా ఓపీకి వస్తారు. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదని భార్య గర్వంగా చెబుతుంది. ఆమె ఇప్పుడు ఓ బట్టల దుకాణంలో పనికి వెళుతోంది. కూతురి ఇంజినీరింగ్ ఒక ఏడాది వెనకబడింది. పోయిన నెల ఆమె తమ్ముడు కూడా వచ్చాడు. అతనికి 34 ఏళ్లు. బీపీ చూశాను, 150/96 ఉంది. మళ్లీ ఒకసారి చూసినా అంతే.

''సార్, నేను వచ్చే నెలలో పాలసీ తీసుకుందామనుకుంటున్నాను. ఇది చీటీలో రాస్తారా, వద్దా?'' అన్నాడు.

''రాస్తాను. నువ్వు కూడా దరఖాస్తులో రాయి'' అన్నాను. ఈసారి అతను తల దించుకోలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.